పూలు మానేస్తే కోటి వస్తుందా?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మేం మూసాపేటలో ఉంటాం. నా వయసు 33, మా ఆయనకు 36. ఆయన జీడిమెట్లలో ఒక కంపెనీలో పని చేస్తారు, చేతికి 41 వేలు వస్తుంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్కు కూడా చేస్తాను, నెలకు 8, 9 వేలు మిగులుతుంది. పాప రెండో తరగతి. రెండు నెలల కింద మా ఆయన ఫోన్‌లో ఒక వీడియో చూశారు. రోజుకు 100 రూపాయలు మిగిలిస్తే రిటైరయ్యేసరికి కోటి రూపాయలవుతాయట. అప్పటినుంచి ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి రూపాయీ రాయమంటున్నారు. కంపెనీ గేటు దగ్గర తాగే రెండు టీలు మానేశారు, అది ఆయన ఇష్టం. నేను మంగళవారం, శుక్రవారం కొనుక్కునే మూర పూలు కూడా దండగేనట, ఏడాదికి నాలుగు వేలు నీ తలలోనే వాడిపోతున్నాయంటారు. పాప చిరుతిండి అడిగినా లెక్కే. పొదుపు వద్దని నేనెప్పుడూ అనలేదు. నాలుగేళ్ల కింద ఆయన ఏడేళ్లు చేసిన ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ లక్షా ఎనభై వేలు, పెన్షన్ డబ్బులని విడిగా ఇంకో ఎనభై అయిదు వేలు వచ్చాయి. బండి కొన్నాం, మిగతాది మా ఆడపడుచు పెళ్లికి పెట్టాం. ఇప్పుడు నెలకు 5 వేల చీటీ తప్ప చేతిలో ఏమీ లేదు. నిజంగా ఇలా చిన్న చిన్నవి మానేస్తే కోటి అవుతుందా? పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను, మీరే చూసి చెప్పండి.

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పూల గొడవే కనిపించింది. రెండోసారి మాత్రం మధ్యలో మీరు మామూలుగా చెప్పేసి దాటిపోయిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. దాని సంగతి కాసేపాగి చెప్తాను. ముందు ఆ కోటి లెక్క తేల్చాలి, అది తేలకుండా మీ ఆయన నా మాట వినరు.

వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. రోజుకు 100 అంటే నెలకు 3 వేలు. ఏడాదికి 12 శాతం చొప్పున 30 ఏళ్లు పెరిగితే కోటీ అయిదు లక్షలవుతుంది. కాలిక్యులేటర్‌లో వేసి చూసినా అంతే వస్తుంది. అయితే 30 ఏళ్లు ఎవరికున్నాయి? మీ ఆయనకు 36, చాలా ప్రైవేటు కంపెనీల్లో 58కి ఇంటికి పంపిస్తారు, అంటే 22 ఏళ్లే మిగిలాయి. అదే 3 వేలు, అదే 12 శాతం, 22 ఏళ్లకు వేసి చూడండి, 38 లక్షల దగ్గర ఆగిపోతుంది. ఎనిమిదేళ్లు తగ్గితే అరవై ఆరు లక్షలు ఎగిరిపోయాయి. వడ్డీ మీద వడ్డీ అంతా చివరి ఏళ్లలోనే కాస్తుంది, మామిడి చెట్టు లాగా, మొదటి అయిదారేళ్లు చూస్తే ఇదేం చెట్టు అనిపిస్తుంది. పైగా 12 శాతం ఇస్తామని ఎవరూ కాగితం రాసివ్వరు. మ్యూచువల్ ఫండ్లలో అంతకంటే ఎక్కువ వచ్చిన ఏళ్లున్నాయి, ఉన్నది కరిగిపోయిన ఏళ్లూ ఉన్నాయి.

ఇక ధరలు. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఇరానీ చాయ్ 5 రూపాయలు. ఇప్పుడు 20 పెట్టనిదే కప్పు చేతికివ్వరు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకుంటే, మీ ఆయన రిటైరయ్యే రోజుకు ఇదే టీ 72 రూపాయలు. రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతమే, కాదనను, కానీ స్కూలు ఫీజులూ ఆస్పత్రి బిల్లులూ ఆ మాట వినవు కదా, అందుకే నేను 6 వేసుకుంటాను. ఆ లెక్కన 22 ఏళ్ల తర్వాత 38 లక్షలంటే ఈ రోజు పదిన్నర లక్షలతో సమానం. తక్కువేం కాదు. కోటీశ్వరుల కథ మాత్రం కాదు.

సరే, వీడియోని పక్కన పెట్టి మీ ఇంటి లెక్క చూద్దాం. మీ ఆయన టీలు రెండు, 40 రూపాయలు. మీ పూలు మూర 40, వారానికి రెండుసార్లు, ఏడాదికి 4,160, అంటే రోజుకు పదకొండు. రెండూ కలిపి రోజుకు 50 అనుకుందాం, నెలకు 1,500. దీన్ని నమ్మకంగా ఉండే చోట, 8 శాతం దగ్గర పెడితే (పీఎఫ్ మీద 2024-25కి ఇచ్చింది 8.25, నేను కాస్త తగ్గించే వేస్తున్నా) 22 ఏళ్లకు పది లక్షల ముప్పై అయిదు వేలు వస్తుంది. ఇప్పటి విలువలో మూడు లక్షల లోపే. మీ ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. టీ ధర, పూల ధర కూడా ఏటా పెరుగుతాయి కాబట్టి మానేసినందుకు మిగిలేదీ పెరుగుతుంది. అలా ఏటా 6 శాతం పెంచుకుంటూ దాస్తే 17 లక్షలు అవుతుంది, నేటి విలువలో నాలుగు లక్షల డెబ్బై అయిదు వేలు. కాబట్టి ఆయన మరీ తప్పేం కాదు, చిన్న మొత్తానికి బలముంది.

ఉంది కానీ, చెల్లెమ్మా, ఒక చిన్న పని చేయండి. రెండు నెలల నుంచి టీ మానేశారు కదా, ఆ మిగిలిన రెండు వేల పైచిలుకు ఎక్కడుందో చూపించమనండి. కోపంగా కాదు, మామూలుగానే అడగండి.

చూపించలేరు. ఎందుకో నాకు తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి, నేనూ ఒకప్పుడు ఈ పుస్తకం పిచ్చిలో పడ్డవాణ్ణే. ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ మానేసి ఇంటి నుంచి ఉప్మా డబ్బా తీసుకెళ్లాను. ఆర్నెల్ల పాటు, వారానికి అయిదు రోజులు, చల్లారిపోయిన ఉప్మా. ఏడాది చివర పాస్‌బుక్ తీసి చూస్తే బ్యాలెన్సు నిరుడు ఉన్నంతే ఉంది. ఆ డబ్బు జీతం ఖాతాలోనే ఉండిపోయింది కాబట్టి ఒకసారి బావమరిది కొడుక్కి చదివింపులుగా, ఒకసారి మిక్సీగా, ఇంకోసారి తిరుపతి ప్రయాణంగా వెళ్లిపోయింది. మానేసిన ఖర్చు పుస్తకంలో కనిపిస్తుంది గానీ దాచిన డబ్బుగా మారాలంటే అది ఖాతా మారాలి. అదొక్కటే నేను ఆ ఉప్మా తిని నేర్చుకున్నది.

మీరు పంపిన పేజీలు కూడా చూశాను. మీ దస్తూరీ గుండ్రంగా బాగుంది. సోమవారం: పాలు రెండు ప్యాకెట్లు, కొత్తిమీర 10, పాపకు పెన్సిలు 5. మంగళవారం: పూలు 40, పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, అది మీ ఆయన పనే అయ్యుంటుంది. ఆదివారం: బిర్యానీ ఆర్డరు 640. దానికి ఎర్ర పెన్ను పడలేదు. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో, ఇది మీ దస్తూరీ కాదు, ఫోన్ ఈఎంఐ 2,833, ఇంకా 5 ఉన్నాయి అని రాసుంది. 34 వేల ఫోన్‌ను 12 నెలలకు పంచితే వచ్చే అంకె అది. రోజుకు 94 రూపాయలు. రెండు టీలు, మీ పూలు, పాప చిరుతిండి అన్నీ కలిపినా అంత కాదు.

ఫోన్ కొనొద్దని కాదు, ఈ రోజుల్లో ఫోన్ లేకపోతే పనే జరగదు. నేను చెప్పేదేంటంటే మన కన్ను రోజూ చేతితో తీసి ఇచ్చే పది రూపాయల మీదే ఉంటుంది. నెలకొకసారి దానంతటదే కట్ అయ్యేది కంటికి ఆనదు. స్కానర్ ముందు ఫోన్ పెట్టి 20 పంపేటప్పుడు కూడా టక్కుమని ఒక శబ్దం వస్తుంది, ఈఎంఐకి ఆ శబ్దం కూడా రాదు.

ఇక మొదట ఆగానన్న చోటికి వస్తాను. లక్షా ఎనభై వేలు పీఎఫ్ తీశామన్నారు. అప్పటికి మీ ఆయనకు 32. ఆ డబ్బు అక్కడే ఉండి, ఉద్యోగంతో పాటు కొత్త కంపెనీ ఖాతాకు మారి ఉంటే, మళ్లీ ఒక్క రూపాయి కట్టకపోయినా, అదే 8 శాతంతో 58 ఏళ్లకు 13 లక్షల 30 వేలు అయ్యేది. ఇందాకటి అంకె గుర్తుందా? ఇద్దరూ 22 ఏళ్ల పాటు టీ తాగకుండా పూలు పెట్టుకోకుండా ఉంటే వచ్చేది పది లక్షల ముప్పై అయిదు వేలు. ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టినంత సేపట్లో పోయింది దానికంటే మూడు లక్షలు ఎక్కువ.

అంతటితో అయిపోలేదు. విడిగా వచ్చిందన్న ఆ ఎనభై అయిదు వేల సంగతి ఇంకా చిత్రమైనది. జీతం స్లిప్‌లో పీఎఫ్ కింద 1,800 కోస్తున్నారని మీ ఆయన చెప్పి ఉంటారు, బేసిక్ 15 వేలు దాటిన చాలామందికి కంపెనీలు ఆ పరిమితి మీదే 12 శాతం కోస్తాయి. కంపెనీ కూడా అంతే వేస్తుంది, కానీ అదంతా పీఎఫ్‌లోకి వెళ్లదు. అందులో 1,250 పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగతా 550 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. ఆ పెన్షన్ లెక్క చాలా సులువు. జీతం, అంటే 2014 సెప్టెంబరు నుంచి నడుస్తున్న 15 వేల పరిమితి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు దాటిన వాళ్లకు రెండేళ్లు ఊరికే కలుపుతారు. పదేళ్ల సర్వీసు లేకపోతే నెల నెలా పెన్షన్ ఉండదు, ఆ పదేళ్లు నిండకముందే ఉద్యోగం మానేసిన వాళ్లకు 10సీ ఫారం పెట్టి ఒకేసారి డబ్బు తీసుకునే వీలుంటుంది. మీ ఆయన చేసింది అదే. 25 ఏళ్లప్పుడు చేరి ఏడేళ్లు చేసిన సర్వీసును ఎనభై అయిదు వేలకు అమ్మేశారన్నమాట.

ఆ ఏడేళ్లు ఉండి ఉంటే 58 నాటికి 33 ఏళ్లు, రెండు కలిపితే 35. పదిహేను వేలు ఇంటూ ముప్పై అయిదు బై డెబ్బై, నెలకు 7,500. ఇప్పుడు 26, రెండు కలిపితే 28, నెలకు 6,000. తేడా నెలకు 1,500. రోజుకు ఎంతో మీరే వేసుకోండి.

రోజుకు 50. బతికినన్నాళ్లూ. సరిగ్గా మీ ఆయన మానేసిన టీలు, మీరు మానేయాలన్న పూలు. ఈ అంకె ఇలా వచ్చి పడుతుందని నేను కూడా అనుకోలేదు, మూడుసార్లు వేసి చూశాను. రేపు ప్రభుత్వం ఆ 15 వేల పరిమితి మారిస్తే అంకె కూడా మారుతుంది, పెరిగితే మీకు జరిగిన నష్టం కూడా పెరుగుతుంది.

ఇది చదివి వినిపించి మీ ఆయనతో పోట్లాడొద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, 10సీ పెట్టి ఒకసారి తీసుకున్నాక ఆ సర్వీసు పోయినట్టే. పైగా ఆయన ఒక్కడే కాదు. నా కౌంటర్‌కు పీఎఫ్ డబ్బు పడిందా అని అడగడానికి వచ్చిన పిల్లలు ఎంతమందో, ఒక్కడు కూడా ట్రాన్స్‌ఫర్ పెట్టొచ్చని తెలిసి రాలేదు. పాత కంపెనీలో చెప్పేవాళ్లుండరు, కొత్త కంపెనీలో అడిగే ధైర్యముండదు, స్నేహితుడు మాత్రం తీసేయ్ రా, మన డబ్బే కదా అంటాడు. ఆడపిల్ల పెళ్లి ముందున్నప్పుడు అలా అనిపించడం తప్పు కూడా కాదు. ఇంట్లో ఇంకో నలభై, యాభై వేలు వేరే ఎక్కడైనా ఉండి ఉంటే మాత్రం ఆ క్లెయిమ్ పెట్టే ముందు ఆయన ఒక్క రోజు ఆలోచించేవారు.

అందుకే చిన్న ఖర్చుల డబ్బును నేను రిటైర్మెంట్‌కు వాడమని చెప్పను. అది అక్కడిదాకా నడవలేదు, దారిలోనే ఎవరో ఒకరు తీసేసుకుంటారు. దాన్ని పెద్ద డబ్బుకు కాపలా పెట్టండి. టీలు మానేయడం మీ ఆయనకు నిజంగా కష్టంగా లేకపోతే (ఉంటే ఒకటి తాగమనండి, రాత్రి షిఫ్టులో టీ లేకుండా మెషీను దగ్గర నిలబడమనడం నా వల్ల కాదు) ఆ నెలకు వెయ్యో, పదిహేను వందలో, జీతం పడిన మర్నాడే ఇంకో ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో రాసివ్వండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు. పదిహేను వందలైతే మూడేళ్లలో యాభై వేలు దాటుతుంది. అది ఆస్పత్రికి, ఉద్యోగం పోయిన రెండు నెలలకు, ఊళ్లో పెద్దవాళ్లకు ఏదైనా అయితే బస్సెక్కడానికి. అది ఉన్నంతకాలం పీఎఫ్ జోలికి ఎవరూ వెళ్లరు.

మీ ఆయన మళ్లీ కంపెనీ మారితే, మారతారు కూడా, జీడిమెట్లలో పదేళ్లు ఒకే చోట చేసేవాళ్లు తక్కువ, యూఏఎన్, అంటే ఎన్ని కంపెనీలు మారినా మారని ఆయన పీఎఫ్ నంబరు, పాతదే కొత్త కంపెనీలో ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టించండి. ఇప్పుడున్న పీఎఫ్ కోత ఒక్కటే, నెలకు 1,800కి కంపెనీ 550 కలిపి 2,350, ముట్టుకోకుండా వదిలేస్తే 22 ఏళ్లకు 16 లక్షలు దాటుతుంది. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ కనిపిస్తుంది. అందులో మూడు వరుసలుంటాయి, ఆయన వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా. ప్రతి నెలా పడుతోందో లేదో మూడు నెలలకోసారి చూడండి, కొన్ని కంపెనీలు జీతంలో కోసి కట్టకుండా ఆపుతాయి.

ఇప్పుడు ఫోన్ ఈఎంఐ. ఇంకా అయిదు నెలలు. ఆరో నెల వచ్చేసరికి 2,833 చేతికి మిగులుతుంది, అప్పుడే అసలు ప్రమాదం, ఎందుకంటే ఆ నెలే ఎవరో ఒకరు వాషింగ్ మెషీన్ గురించి మాట్లాడతారు. మీ ఇల్లు ఆ డబ్బు లేకుండా బతకడం ఇప్పటికే నేర్చేసుకుంది, ఏడు నెలలుగా లేకుండానే గడిచింది కదా. మిగిలిన ఆ మొదటి నెల నుంచే దాన్ని వీపీఎఫ్‌గా, అంటే మనంతట మనం అడిగి అదనంగా కోయించుకునే పీఎఫ్‌గా మార్చమనండి. కంపెనీ హెచ్‌ఆర్‌కు ఒక లెటర్ ఇస్తే చాలు. కొన్నిచోట్ల ఏప్రిల్‌లో తప్ప ఒప్పుకోరు, అలాగైతే అప్పటిదాకా ఇందాకటి ఖాతాలో వేయండి. వడ్డీ పీఎఫ్‌తో సమానం. ఇదే 2,833 ఇరవై రెండేళ్లలో పంతొమ్మిదిన్నర లక్షలవుతుంది, 8 శాతం మీదే. ఎవరూ ఏమీ మానక్కర్లేదు, కొత్త ఫోన్ ఒక్కటి ఈ ఏడాది వద్దనుకుంటే చాలు. కంపెనీ ససేమిరా అంటే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్, అంటే కంపెనీతో పని లేకుండా మనమే కట్టుకునే ప్రభుత్వ పొదుపు ఖాతా, తెరవండి, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది, కాస్త తక్కువ, కానీ 15 ఏళ్ల దాకా మొత్తం డబ్బు సులువుగా తీయనివ్వకుండా పట్టుకుంటుంది, మీ ఇంటికి ఆ గుణం అవసరం.

మీ గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అడగలేదు. మగ్గం ముందు కూర్చుని నెలకు 9 వేలు సంపాదిస్తున్నారు, మీకు పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, నలభై దాటాక ఆ జర్దోసీ పనికి కళ్లు ఎలా ఉంటాయో మీకే బాగా తెలుసు. మీరు ఆదాయపన్ను కట్టరు కాబట్టి అటల్ పెన్షన్ అనే ప్రభుత్వ పథకంలో చేరొచ్చు. 2015లో మొదలైంది, 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకు, పన్ను కట్టేవాళ్లను 2022 అక్టోబరు నుంచి తీసుకోవడం లేదు. 60 తర్వాత నెలకు 5 వేలు రావాలంటే 33 ఏళ్లకు చేరినవాళ్లు నెలకు 752 కట్టాలి. రోజుకు 25. మీ తర్వాత మీ ఆయనకు అదే పెన్షన్, ఇద్దరి తర్వాత పాపకు ఎనిమిదిన్నర లక్షలు. చిన్న డబ్బుకు కాలం ఏం చేస్తుందో చూడాలంటే ఈ పథకం పట్టిక చూడాలి. ఇదే 5 వేల కోసం 18 ఏళ్ల పిల్ల నెలకు 210 కడితే చాలు, రోజుకు 7 రూపాయలు. నలభై ఏళ్లకు చేరితే 1,454. మీ కింద పోర్షన్‌లోనో పక్కింట్లోనో ఇంటరు అయిపోయి షాపులో పనికి చేరిన అమ్మాయి ఎవరైనా ఉంటే ఈ మాట చెప్పండి, మీకూ నాకూ దొరకని పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఆ పిల్ల దగ్గర ఉన్నాయి.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. 27 ఏళ్ల తర్వాతి 5 వేలంటే ఇప్పటి వెయ్యి రూపాయలు. దాంతో ఇల్లు గడవదు. కానీ మీ పేరున, మీ ఖాతాలో, ఎవర్నీ అడగకుండా ప్రతి నెలా పడే వెయ్యి అది. దాని విలువ మా అమ్మని చూశాక నాకు తెలిసింది, నాన్న పోయాక మందుల చీటీ పట్టుకుని ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని అడగాలా అని చూసేది.

చీటీ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. నెలకు 5 వేలంటే బహుశా రెండు లక్షల చీటీ, నలభై మంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరయిన కంపెనీలోనా, లేక కాలనీలో తెలిసినావిడ దగ్గరా? రెండోదైతే పాట పాడుకుని త్వరగా బయటపడండి, కొంచెం నష్టమైనా పర్లేదు. మా వీధిలో పద్నాలుగేళ్లు చీటీలు నడిపినావిడ, ప్రతి శ్రావణమాసం అందరికీ పసుపు కుంకుమ ఇచ్చినావిడ, ఒక సోమవారం ఉదయం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. మా ఇంట్లో వాళ్లవి కూడా ఇరవై రెండు కంతులు ఉన్నాయి అందులో. చీటీ చేతికి వచ్చాక ఆ రెండు లక్షలు ఏ పనికో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని రాసిపెట్టుకోండి, ఆ నోటు పుస్తకంలోనే. రాయకపోతే అది పాప ఓణీల ఫంక్షన్ అవుతుంది, ఇంకో అయిదేళ్లలో మీ ఇంట్లో ఆ మాట ఎలాగూ వస్తుంది, భోజనాలు ఎన్ని అనే దగ్గర మొదలవుతుంది.

పుస్తకం మానేయమని నేను చెప్పను. రాయడం మంచి అలవాటే, కొన్ని నెలలు రాస్తే ఇంటికి నిజంగా ఎంత కావాలో తెలుస్తుంది, రిటైరయ్యాక ఎంత కావాలో కూడా దాన్నుంచే లెక్క కట్టాలి. అప్పుడు మీ ఆయన టీ మళ్లీ లెక్కలోకి వస్తుంది చూడండి. ఉద్యోగం లేని మనిషి పొద్దున్నే ఎక్కడికి వెళ్తాడు, టీ కొట్టుకే వెళ్తాడు. 72 రూపాయల టీ రోజుకు రెండు తాగాలంటే నెలకు 4,320 కావాలి, 6,000 పెన్షన్‌లో మూడొంతులు దానికే పోతుంది. ఆ పోయిన 1,500 ఉంటే బాగుండేదని అప్పుడనిపిస్తుంది. రోజువారీ ఖర్చుని నెలాఖరున ఒక్కసారి కూడి చూసుకుంటే చాలు, ఎర్ర పెన్ను పక్కన పెట్టమనండి. ఏదైనా సున్నా చుట్టాలంటే నెలకు వెయ్యి దాటిన వాటికి చుట్టమనండి, పేజీకి ఒకటో రెండో ఉంటాయి, అవి ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.

మంగళవారం, శుక్రవారం పూలు మాత్రం ఇకనుంచి ఆ పుస్తకంలో రాయకండి. మీ సంపాదనలోంచి కొనుక్కుంటున్నారు, అడిగితే నేనే రాయొద్దన్నానని చెప్పండి. వీపీఎఫ్ మొదలయ్యాక ఆ నెల జీతం స్లిప్‌లో కొత్త కోత కనిపించిన రోజు దాని ఫొటో పంపండి, ఈ పేజీలకంటే నాకు అది చూడాలని ఉంది.